కరెంటు పోయిందంటే తీగ చచ్చిందని కాదు: తుపాను ముందు ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. తుపాను మన తీరం వైపే వస్తోంది. రేపు రాత్రికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల మధ్య తీరం దాటొచ్చని చెబుతున్నారు. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన సార్ మన స్టూడియోలో ఉన్నారు. సార్, కరెంటు ఎన్ని రోజులు పోవచ్చు?

నిపుణుడు: ఎన్ని స్తంభాలు పడతాయో దాన్ని బట్టి ఉంటుందమ్మా. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి విశాఖ రోజుల తరబడి చీకట్లోనే ఉంది. మూడు రోజులకు సరిపడా సిద్ధం చేసుకోండి. గాలి ముదిరితే సప్లై మావాళ్లే ఆపేస్తారు. తీగలు కొట్టుకుని తెగి జనం మీద పడతాయని. తిరిగి ఇచ్చేటప్పుడు ముందు 33 కేవీ, అంటే 33 వేల వోల్టుల లైన్లు, సబ్‌స్టేషన్లు, తర్వాత అక్కణ్ణుంచి ఊళ్లకు పోయే 11 కేవీ ఫీడర్లు. అందులోనూ ఆస్పత్రులు, మంచినీళ్ల మోటార్లు ముందు. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ చివర్లో వస్తుంది. ఇంకొక మాట, ఇది ప్రతి ఫోన్‌కీ చెప్తాను, విసుక్కోవద్దు. కరెంటు పోయిందంటే తీగ చచ్చిందని కాదు.

యాంకర్: మొదటి కాల్, కావలి నుంచి. చెప్పండి.

కాలర్: సార్, మాకు ఇన్వర్టర్ ఉంది. 150 ఏహెచ్ బ్యాటరీ. ఎంతసేపు వస్తుంది?

నిపుణుడు: 150ని బ్యాటరీ వోల్టులు 12తో గుణించండి. 1800 వాట్ అవర్లు. అది కాగితం మీద లెక్క. చేతికొచ్చేది 1200, 1300 అనుకోండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, బల్బు 9 వాట్లు. రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు వేస్తే ఏడు గంటలు. అందరూ ఒకే గదిలో పడుకుని ఒక ఫ్యాన్, ఒక బల్బు వేసుకుంటే పద్నాలుగు గంటల దాకా లాగొచ్చు. టీవీ వద్దు. డిస్టిల్డ్ వాటర్ ఇవాళే చూసుకోండి. మీ వీధిలోకి నీళ్లొస్తాయా?

కాలర్: పోయినసారి గడప దాకా వచ్చాయి సార్.

నిపుణుడు: అయితే బ్యాటరీని ఇవాళే ఎత్తు మీద పెట్టించండి. మెకానిక్‌తో తీయించండి, మీరే లాగొద్దు. నీళ్లు లోపలికొస్తే మెయిన్ ఆపండి. ఆపాల్సింది ముందే, నీళ్లలో నిలబడి కాదు.

యాంకర్: తర్వాత విడవలూరు మండలం నుంచి పెద్దాయన ఉన్నారు.

కాలర్: నమస్కారం నాయనా. వినపడతా ఉందా? మాది సముద్రానికి దగ్గర. 1989లో కావలి దగ్గర దాటిందే, నవంబరులో, ఆ తుపాను నేను చూశాను. అప్పుడు మా ఇల్లు తాటాకుది. మా నాయన ఎద్దుల పలుపులు విప్పేసి వాటిని వదిలేశాడు. రాత్రంతా గాలి కొట్టి కొట్టి, ఒక్కసారిగా ఆగిపోయింది. అందరూ అయిపోయిందని...

నిపుణుడు: అదుగో, అది చెప్పండి. ఆగాక ఏమైంది?

కాలర్: మళ్లీ వచ్చింది నాయనా. ఈసారి ఆ పక్క నుంచి. బయటికొచ్చిన వాళ్లు ఎక్కడోళ్లు అక్కడ పడిపోయారు.

నిపుణుడు: అందరూ వినండి. తుపాను కన్ను మన మీదుగా పోయేటప్పుడు అలా ప్రశాంతంగా ఉంటుంది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి గాలి అందుకుంటుంది. అధికారులు చెప్పేదాకా బయటికి రావద్దు. సరే పెద్దాయనా, మీ సమస్య ఏంటి?

కాలర్: మా దొడ్లో కొబ్బరిచెట్టు ఉంది. మట్టలు కరెంటు తీగకు రాసుకుంటా ఉన్నాయి. గాలొస్తే తీగ తెగుద్దని భయం. ఇనప పైపుకు కొడవలి కట్టి రెండు మట్టలు కోసేస్తే సరిపోద్ది గదా అని మా మనవడు అంటాడు.

నిపుణుడు: వద్దు. ఇనప పైపు అసలే వద్దు. పచ్చి వెదురు దోటి కూడా వద్దు. పచ్చి మట్ట తీగకు తగిలిందంటే మట్టలోంచీ కరెంటు వస్తుంది.

కాలర్: అట్నా. మరి రేపు కరెంటు ఆపేస్తారన్నారు గదా, ఆపాక కోసుకోవచ్చా?

నిపుణుడు: పెద్దాయనా, ఇప్పుడే చెప్పాను.

కాలర్: కరెంటు లేనప్పుడే గదా నాయనా నేను అడిగేది.

నిపుణుడు: లేదని మీకెవరు చెప్పారు? ఫ్యాన్ ఆగితే లేనట్టా? మా లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఏం చేస్తాడో చెప్తాను వినండి. సబ్‌స్టేషన్‌కి చెప్పి ఎల్‌సీ, అంటే లైన్ ఆపాం పని చేసుకో అనే అనుమతి తీసుకుంటాడు. లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ దించుతాడు. టెస్టర్ పెట్టి చూస్తాడు. అప్పటికీ నమ్మడు. ఎర్త్ రాడ్డు ఒక కొస భూమికి బిగించి, కొక్కెం ఉన్న కొస తీగకు తగిలిస్తాడు. సప్లై ఆపిన తీగే, అయినా కొక్కెం తగలగానే చిటుక్కుమని నిప్పురవ్వ లేచిన రోజులు నా సర్వీసులో ఉన్నాయి. రాడ్డు బదులు అక్కడ నా చెయ్యి ఉంటే ఇవాళ మీతో మాట్లాడేవాణ్ణి కాదు. మీ మనవడి దగ్గర ఆ రాడ్డు ఉందా?

కాలర్: లేదు నాయనా.

నిపుణుడు: అందుకే వద్దంటున్నాను. కోపం కాదు, భయం. 1912కి ఫోన్ చేయండి. మీ కరెంటు సంస్థ నెల్లూరు వైపు ఎస్పీడీసీఎల్ అయినా, ఒంగోలు వైపు సీపీడీసీఎల్ అయినా అదే నంబరు. స్తంభం మీద రంగుతో నంబరు రాసి ఉంటుంది, అది చెప్పండి. ఇవాళ వెలుతురు ఉండగానే వచ్చి కొడతారు.

కాలర్: ఆ నంబరు నా కళ్లకు ఆనదు. మనవడిని చూడమంటాను. లైన్లో ఉండమంటారా?

యాంకర్: చూసి మళ్లీ చేయండి పెద్దాయనా, మా వాళ్లు రాసుకుంటారు. ఇందుకూరుపేట నుంచి తర్వాతి కాల్.

కాలర్: సార్, రొయ్యల చెరువు రెండెకరాలు. నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకంతా పోతుంది. జనరేటర్ అద్దెకు తెచ్చాను. దాన్నుంచే షెడ్డుకీ, ఇంటికీ లైన్ ఇద్దామని...

నిపుణుడు: ఎలా ఇస్తున్నారు?

కాలర్: వైరుకు రెండు పక్కలా పిన్నులు వేసి, ఒకటి ఇంట్లో ప్లగ్గులో...

నిపుణుడు: ఆపండి. అది వెంటనే తీసేయండి. ఆ కరెంటు మీ ఇంట్లోనే ఆగదు. మీటరు దాటి లైన్లోకి పోతుంది. మీ 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కితే అటు పక్క 11 వేల వోల్టులు అవుతుంది. అక్కడ తీగ ముడి వేస్తున్నవాడికి మీ ఇంట్లో జనరేటర్ తిరుగుతోందని ఎలా తెలుస్తుంది? మాతో పనిచేసిన ఒక కుర్రాడు అలాగే పోయాడు. తుపాను అయిపోయిన మర్నాడు, ఎండలో. లైన్ ఆపి ఉందనే ఎక్కాడు.

కాలర్: ...తెలియదు సార్. తీసేస్తాను.

నిపుణుడు: ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చేంజోవర్ స్విచ్ పెట్టించండి. లైను ఒక పక్క, జనరేటర్ ఒక పక్క. రెండూ ఎప్పుడూ కలవవు. అది కుదరకపోతే ఏరేటర్లను జనరేటర్‌కే నేరుగా కలపండి, ఇంటి వైరింగ్ జోలికి పోవద్దు. జనరేటర్ షెడ్డు లోపల పెట్టొద్దు, ఆ పొగకు నిద్రలోనే ప్రాణం పోతుంది. డీజిల్ ఇవాళే తెచ్చుకోండి. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, జనరేటర్ ఒక్క గంట ఆపాల్సొస్తే ఆ వేళకు మాత్రం ఆపొద్దు. మేత తగ్గించే సంగతి ఫిషరీస్ వాళ్లను అడగండి.

యాంకర్: ఒంగోలు నుంచి.

కాలర్: సార్, మా అమ్మకు ఇన్సులిన్. ఫ్రిజ్ లేకపోతే ఎలా?

నిపుణుడు: మా ఇంట్లోనూ వాడతారమ్మా. తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్‌లో నాలుగు గంటలు చల్లదనం ఉంటుంది. ఆ తర్వాత మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న డబ్బా పెట్టి, సీసా ఆ డబ్బాలో ఉంచుతాం. పైన తడిగుడ్డ. నీడలో, గాలి తగిలేచోట. ఐసు మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు. వాడుతున్న సీసా చాలా రకాలకు 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు ఉంటుంది. మీది ఏ రకమో ఇవాళే మందుల షాపులో అడగండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. సింగరాయకొండ నుంచి.

కాలర్: సార్, పోయిన నెల బిల్లు ఎక్కువ వచ్చింది...

యాంకర్: ఇవాళ తుపాను గురించే అండి. ఇంకో కాల్, కొత్తపట్నం.

కాలర్: సార్, దారిలో తీగ పడి ఉంటే కట్టెతో పక్కకు తోసేయొచ్చా?

నిపుణుడు: వద్దమ్మా. అందుకే ఆ మాట ప్రతిసారీ చెప్తున్నాను. తడి నేలలో కరెంటు తీగ చుట్టూ పాకుతుంది. పది గజాలు దూరంగా ఉండండి, పిల్లల్ని, గొడ్లని అటు పోనీయకండి. పొరపాటున దగ్గరికి పోయి ఉంటే పెద్ద అంగలు వేయొద్దు. రెండు పాదాలూ కలిపి, నేల మీద నుంచి ఎత్తకుండా ఈడ్చుకుంటూ వెనక్కి రండి. 1912కి చెప్పండి. చెప్పాక కూడా మావాళ్లు వచ్చేదాకా దూరంగా ఒకరు కాపలా ఉండండి, చీకట్లో వచ్చేవాళ్లకు తెలియదు.

యాంకర్: టైమ్ అయిపోయింది సార్. సెల్ టవర్లకు కూడా కరెంటు ఉండకపోవచ్చు కాబట్టి ఫోన్లు, పవర్ బ్యాంకులు ఇవాళే ఛార్జ్ చేసుకోండి. ట్యాంకులు నింపుకోండి.

నిపుణుడు: ఒక్క నిమిషమమ్మా. ఆ విడవలూరు పెద్దాయన మళ్లీ చేశారా?

యాంకర్: చేశారు సార్. మనవడు స్తంభం నంబరు చెప్పాడు, మావాళ్లు రాసుకున్నారు.

నిపుణుడు: ఆ కాగితం నాకివ్వండి. అక్కడి సెక్షన్ వాళ్లకు నేనే ఫోన్ చేస్తాను.