బారెడు దారం

శ్రోతలకు నమస్కారం. ఇవాళ మనం దారం బొమ్మల ఆట ఆడదాం. మీకు చేతికందే దూరంలో దారం ఏదైనా ఉంటే ఇప్పుడే తీసి పక్కన పెట్టుకోండి. బారెడు కంటే కాస్త ఎక్కువ ఉండాలి. పావడా నాడా అయితే మరీ మంచిది, మెత్తగా ఉండి వేళ్ల మీద సాఫీగా జారుతుంది. గోగునార పురికొస వద్దు, గరుకుకి వేళ్లు ఒరుసుకుపోతాయి. పొందూరు నూలు కూడా వద్దు. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి నుంచి తీసిన అంత సన్నటి పోగు కట్టుకునే బట్టకే తగింది, ఈ ఆటలో వేళ్ల మధ్య కంటికి ఆనదు. దారం రెండు కొసలూ కలిపి చిన్న ముడి వేసేయండి. మనకు కావాల్సిన సామాను అంతే.

దారాన్ని వేళ్లకు తగిలించి, ఒక పోగు ఎత్తి, ఇంకోటి వదిలి, గాలిలో బొమ్మలు కట్టే ఆట ఇది. మా నరసన్నపేట వైపు పిల్లలకు దీన్ని నేర్పేది ఇంట్లో పెద్దవాళ్లే. మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద కూర్చుని, 'అలగ కాదే గుంటా, ఇలగ' అంటూ మన వేళ్లు పట్టుకుని వాళ్లే తిప్పేవారు. చూసి నేర్చుకోవడమే తప్ప, విని నేర్చుకున్నవాళ్లు లేరు. ఎదురుగా మనిషి లేకుండా, మాటలతోనే ఈ ఆట నేర్పడం కుదురుతుందా? ఇవాళ రేడియోలో అదే చేసి చూద్దాం.

ఇదే ప్రశ్న 1898లో ఇద్దరు ఇంగ్లీషు పరిశోధకులకు ఎదురైంది. హాడన్, రివర్స్ అని వాళ్ల పేర్లు. కేంబ్రిడ్జి నుంచి బయల్దేరి ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ మధ్యనున్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లారు. అక్కడివాళ్లు దారంతో రకరకాల బొమ్మలు కట్టేవారు. పూర్తయిన బొమ్మను కాగితం మీద గీసుకోవచ్చు, కానీ ఆ గీతలు చూసి మళ్లీ కట్టడం ఎవరివల్లా కాదు. అందుకని వాళ్లు ప్రతి పోగుకూ ఒక చిరునామా ఇచ్చారు. ఏ వేలిది, ఆ వేలికి ఇవతలిదా, అవతలిదా అని. 1902లో ఆ పద్ధతిని అచ్చువేశారు. అది చదివి, ఆ దీవుల మొహం ఎన్నడూ చూడనివాళ్లు కూడా అక్కడి బొమ్మలు కట్టగలిగారు. నాకు ఈ ఆట మీద ఇంత గౌరవం కలగడానికి అదే కారణం.

మనమూ ఆ పద్ధతే పట్టుకుందాం. ఇవతల అంటే మీ వైపు, అవతల అంటే మీకు దూరంగా.

అరచేతులు ఎదురెదురుగా, వేళ్లు పైకి పెట్టండి. దారాన్ని రెండు బొటనవేళ్ల వెనక నుంచి, రెండు చిటికెనవేళ్ల వెనక నుంచి తగిలించండి. ఒక్కో అరచేతి మీద అడ్డంగా ఒక పోగు కనబడుతుంది. ఎడమ అరచేతి మీద పోగును కుడి చూపుడువేలితో కింద నుంచి ఎత్తి, చేతులు దూరం జరపండి. ఇప్పుడు కుడి చూపుడువేలికి ఒక ఉచ్చు పడింది. ఎడమ చూపుడువేలు ఆ ఉచ్చు లోపలినుంచే వెళ్లి కుడి అరచేతి మీద పోగును ఎత్తాలి. లోపలినుంచే, బయటనుంచి కాదు. మళ్లీ చేతులు దూరం జరపండి. బొటన, చూపుడు, చిటికెన, ఒక్కో వేలికి ఒక్కో ఉచ్చు ఉందా? ఉంటే సగం పని అయిపోయింది. ప్రపంచంలో చాలా బొమ్మలకు ఇదే మొదలు.

ఇప్పుడు నెమ్మదిగా వినండి. బొటనవేళ్లు రెండింటినీ చూపుడువేళ్ల ఇవతలి పోగుల మీదుగా చాపి, ఆ చూపుడువేళ్ల అవతలి పోగులను కింద నుంచి బొటనవేలి వెనకవైపుతో ఎత్తి తెచ్చుకోండి. ఒక్కో బొటనవేలికి రెండేసి ఉచ్చులు అయ్యాయి. కింది ఉచ్చును మాత్రమే పట్టుకుని, పైదాని మీదుగా వేలి కొస దాటించి వదిలేయండి. పై ఉచ్చు కదలకూడదు. చేత్తో కుదరకపోతే పళ్లతో తీయండి, తప్పేం లేదు. రెండో బొటనవేలికీ అంతే. ఆఖరున చిటికెనవేళ్లు వదిలేసి చేతులు దూరం లాగండి.

మీ చేతుల మధ్య ఉన్నది కప్పూ సాసరూ. తలకిందులుగా తిప్పితే ఇంటి పైకప్పు. రాకపోతే టెన్షన్ పడకండి. ముడి పడలేదు, చిక్కు మాత్రమే. మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఈ ఆట ఫలానా దేశానిదని చెప్పలేం. 1850ల్లో వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త బోర్నియో దీవిలో ఒక ముసురు రోజున డయాక్ తెగ కుర్రాళ్లకు కాలక్షేపంగా ఉంటుందని దారం ఆట చూపించబోయాడు. తీరా చూస్తే వాళ్లకు ఆయనకంటే ఎక్కువే వచ్చు! కెనడా ఉత్తరాన మంచు ప్రాంతమైన ఇగ్లూలిక్‌లో ఎస్కిమోలు శీతాకాలం ముందు, సూర్యుడు దిగిపోతున్న రోజుల్లో ఈ ఆట ఆడేవారట, సూర్యుడు దారాల్లో చిక్కుకుని వెళ్లిపోకుండా ఆగుతాడని. వారాల తరబడి చీకటి చూసేవాళ్లకు ఆ ఆశ పుట్టడంలో వింతేముంది? ఇక గ్రీకు వైద్యుడు హెరాక్లస్ విరిగిన దవడకు కట్టు కట్టడానికి రాసిపెట్టిన ఉచ్చుల్లో ఒకటి అచ్చంగా దారం బొమ్మే.

హాడన్ దొర దీవులకు వెళ్లి రాసుకున్నట్టు మన బొమ్మలనూ ఎవరో వచ్చి రాసుకోవాలని లేదు. సోంపేటలోనో, బొబ్బిలిలోనో, పాలకొండలోనో మీ ఇంట్లో నాయనమ్మకు ఒక్క బొమ్మ గుర్తున్నా ఈ వారమే ఆమె చేతికి దారం ఇవ్వండి. ముందుగా అడగకండి, గుర్తులేదనే అంటారు. దారం వేళ్ల మీద పడితే వాటంతట అవే కదులుతాయి. ఆ బొమ్మను ఆమె ఏమని పిలుస్తుందో ఆ పేరు ఉన్నదున్నట్టు రాసుకోండి. ఫోన్లో వీడియో తీస్తే మాత్రం ఎదురుగా నిలబడి తీయొద్దు, కుడి ఎడమలు తారుమారై చూసేవాళ్లు తికమక పడతారు. ఆమె వెనక నిలబడి, భుజం మీదుగా తీయండి. ప్రతి మెట్టు దగ్గరా ఒక్క క్షణం ఆగమనండి. ఏ వేలితో ఏ పోగు ఎత్తుతోందో నోటితో చెప్పించండి.