తక్కువ బడ్జెట్‌లో మొదటి గేమింగ్ పీసీ: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి

హాయ్ అండీ, నమస్తే. టేబుల్ మీద ఉన్నవి చూస్తున్నారుగా. రైజెన్ 5 5600 ప్రాసెసర్, అన్నీ బిగించే బి550 మదర్‌బోర్డు, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ స్టోరేజ్ డ్రైవ్, 550 వాట్ల పవర్ సప్లై, ముందు భాగం జాలీలా ఉన్న మామూలు కేసు. వీటిలో ఒక్కటి కూడా ఈమధ్య వచ్చిన మోడల్ కాదు. అయినా మొదటిసారి పీసీ బిల్డ్ చేసుకునేవాళ్లకి నేను ఇదే చెబుతాను. ఎందుకో ఒక్కొక్కటీ చూద్దాం.

ముందే చెప్పేస్తున్నాను, ఇది 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్ మీద ఆడేవాళ్ల కోసం. 4కేలో ఆడాలనుకునేవాళ్లకి ఈ బిల్డ్ సరిపోదు.

గ్రాఫిక్స్ కార్డుతో మొదలుపెడదాం. గేమ్‌లో సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తాయో ఎక్కువగా తేల్చేది ఇదే. మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు, అవసరమైతే ఇంకొంచెం ఎక్కువే దీనికి పోనివ్వండి. చాలామంది గ్లాసు కేసు, రంగురంగుల ఫ్యాన్లు, లిక్విడ్ కూలర్ ముందు కొనేసి, మిగిలినదాంట్లో కార్డు వెతుకుతారు. అలాంటి లిస్టు చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ లైట్లకి పెట్టిన డబ్బు కార్డు మీద పెడితే ఒక మెట్టు పైది వచ్చేది కదా!

ఆర్ఎక్స్ 6600 వచ్చింది 2021లో. 8 జీబీ మెమరీ, 132 వాట్లు, ఒక్క 8 పిన్ కనెక్టర్ చాలు. 1080పీలో చాలా గేములు హై సెట్టింగ్స్‌లో హాయిగా నడుస్తాయి. లోపాలూ ఉన్నాయి. రే ట్రేసింగ్ (వెలుగు, నీడలు నిజంలా చూపించే పద్ధతి) ఆన్ చేశారంటే ఫ్రేములు అమాంతం పడిపోతాయి. కొత్తగా వస్తున్న కొన్ని పెద్ద గేముల్లో అల్ట్రా టెక్స్‌చర్లకి (వస్తువుల మీద పరిచే బాగా వివరమైన బొమ్మలకి) 8 జీబీ చాలట్లేదు, ఒక మెట్టు తగ్గించుకోవాలి. దాదాపు అదే ధరకి 12 జీబీ ఆర్టీఎక్స్ 3060 దొరికితే మారుమాట లేకుండా తీసుకోండి, ఏఐ సాయంతో ఫ్రేములు పెంచే డీఎల్ఎస్ఎస్ కూడా కలిసొస్తుంది.

ఇంకా తక్కువలో ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కనబడుతుంది. దాని జోలికి వెళ్లొద్దు. మామూలుగా దొరికేది 4 జీబీదే. పైగా అది బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి వాడేది నాలుగు పీసీఐఈ లేన్లే (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారులు). పీసీఐఈలో నాలుగో తరం, అంటే పీసీఐఈ 4 ఉన్న బోర్డులో ఏదో నెట్టుకొస్తుంది. పీసీఐఈ 3 ఉన్న పాత బోర్డులో పెడితే ఆ నాలుగు లేన్ల వేగం కూడా సగమైపోతుంది. మెమరీ నిండగానే గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. తక్కువ బడ్జెట్‌వాళ్ల దగ్గర ఉండేవి పాత బోర్డులే కాబట్టి దెబ్బ సరిగ్గా వాళ్లకే తగులుతుంది.

ఇక ప్రాసెసర్. ఇక్కడ పేర్లు ఒకటికి రెండుసార్లు చదవండి. 5500, 5600జి, 5600. మూడింటికీ 6 కోర్లు (పని చేసే భాగాలు), 12 థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరసలు). కానీ 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) 32 ఎంబీ, మిగతా రెండింట్లో 16 ఎంబీ. గేముల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆ రెండూ పీసీఐఈ 3 దగ్గరే ఆగిపోతాయి కూడా, బి550 బోర్డు కొన్నా కార్డుకి పీసీఐఈ 4 వేగం రాదు. 5600జికి ఒక మంచి గుణం ఉంది, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. కార్డు తర్వాత కొనుక్కుంటాను అనేవాళ్లకి అది సరైనది. 5600లో ఆ సదుపాయం లేదు, కార్డు పెట్టకపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు.

రాజీ పడకూడనిది పవర్ సప్లై. డబ్బా మీద 80 ప్లస్ బ్రాంజ్ అని కనబడగానే చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ గుర్తు చెప్పేది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందన్నది మాత్రమే. లోపల కెపాసిటర్లు ఎలాంటివి, షార్ట్ అయితే ఆగిపోతుందా లేదా అన్నది అది చెప్పదు. కాబట్టి ఆ మోడల్‌ని విప్పి చూపించి, లోడ్ పెట్టి పరీక్షించిన రివ్యూ చూశాకే కొనండి. వాట్ల గురించి టెన్షన్ అక్కర్లేదు. ప్రాసెసర్ 65, కార్డు 132, మిగతావన్నీ కలిపినా 300 దాటడం కష్టం. పేరూ ఊరూ తెలియని 750 కన్నా పరీక్షలో నిలబడ్డ 550 ఎంతో నయం. కార్డు, ప్రాసెసర్ నడిపించి చూసుకుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నా ఫర్వాలేదు. పవర్ సప్లై మాత్రం కొత్తదే తీసుకోండి, ఎందుకంటే అది పోయేటప్పుడు పక్కవాటిని కూడా తీసుకుపోగలదు.

ర్యామ్ ఒక్క 16 జీబీ స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి సాధారణంగా రెండోది, నాలుగోది వాడాలి. కేసుకి ముందు గాలి వెళ్లే దారి ఉంటే చాలు.

ఇప్పుడు బిగించడం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ప్రాసెసర్ ఒక మూల చిన్న బంగారు రంగు త్రికోణం ఉంది, కనిపిస్తోందా? సాకెట్ మీదా అలాంటి గుర్తే ఉంటుంది. లివర్ పైకెత్తి, రెండు గుర్తులూ కలిసేలా పెట్టి వదిలేయాలి. నొక్కకూడదు. దానంతటదే దిగాలి. దిగలేదంటే తిప్పి పెట్టారనో, పిన్ను వంగిందనో అర్థం.

కూలర్ దగ్గర మొదటిసారి చేసేవాళ్లు హడలిపోతారు. ఈ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్‌కి నాలుగు స్క్రూలు. అవి పట్టాలంటే బోర్డు మీద ముందే ఉన్న రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పాలి. విప్పి బోర్డు ఎత్తగానే, ఇదిగో, వెనక ప్లేటు ఊడి చేతిలోకి వచ్చేసింది. ఏమీ విరగలేదు, అది అంతే. ఒక చేత్తో ప్లేటు వెనక నుంచి ఆనించి పట్టుకుని, ఎదురెదురు మూలల స్క్రూలు కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. కూలర్ అడుగున పేస్టు ముందే రాసి ఉంటుంది, వేలు తగలనివ్వకండి.

8 పిన్ కేబుళ్లు రెండు రకాలు. 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌ది, 6+2గా విడిపోయేది కార్డుది. ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా దూర్చకండి.

అన్నీ అయ్యాక మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టండి, బోర్డుకి కాదు. స్టార్ట్ చేసి బయోస్‌లోకి (బోర్డు సెట్టింగ్స్ స్క్రీన్‌లోకి) వెళ్తే 3200 వేగం ఉన్న ర్యామ్ 2133లోనో 2400లోనో నడుస్తూ కనబడుతుంది. ర్యామ్‌ని దాని అసలు వేగంలో నడిపించే ఎక్స్ఎంపీ ఆన్ చేయండి. విండోస్ 10కి 2025 అక్టోబరుతో సపోర్ట్ ముగిసింది కాబట్టి 11 వేయండి, ఈ ప్రాసెసర్‌లో దానికి కావలసిన టీపీఎం (భద్రత కోసం వాడే భాగం) ఉంది. తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ (స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో) చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా, మీరు మార్చేదాకా విండోస్ 60లోనే ఉండిపోవచ్చు.

మీ పార్టుల లిస్టు కొనకముందే కామెంట్‌లో పెట్టండి, నేను చూసి చెబుతాను. పవర్ సప్లైకి మాత్రం ఉత్తి వాట్లు రాయకుండా మోడల్ పేరు పూర్తిగా రాయండి. ఉంటానండీ.