కుక్కపిల్లకు ఒంటరిగా ఉండటం నేర్పించడం: క్రేట్ గురించి కొన్ని మాటలు

సభాధ్యక్షులకు, ఈ సాయంత్రం ఎం.వి.పి. కాలనీకి శ్రమపడి వచ్చిన పెద్దలకు, కుక్కపిల్లలను పెంచుతున్న, పెంచాలనుకుంటున్న మిత్రులందరికీ నమస్కారం.

మన విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్లు పెరిగిన కొద్దీ ఇళ్లలోకి వచ్చే కుక్కపిల్లల బతుకు కూడా మారింది. వెనకటికి పెరడూ వరండా ఉండేవి, ఇంట్లో పొద్దస్తమానం ఎవరో ఒకరు తిరుగుతూ ఉండేవారు, కాబట్టి పిల్ల ఒంటరిగా గడపవలసిన అవసరం అంతగా వచ్చేది కాదు. ఇప్పుడు సీతమ్మధారలోనో మధురవాడలోనో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి రెండు నెలల పిల్ల వస్తోంది. దానితోపాటు ఒక ఇనుప క్రేట్, అంటే కుక్క పడుకోవడానికి వాడే తలుపున్న బోను, కూడా వస్తోంది. మొదటి రాత్రే పిల్లను అందులో పెట్టి గడియ వేస్తారు. అది తెల్లవార్లూ ఏడుస్తుంది. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. అప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: పట్టించుకోకండి, రెండు రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది. ఆ సలహా ఎందుకు మంచిది కాదో, దాని బదులు ఏం చేయవచ్చో వివరంగా చెప్పాలన్నది నా ఉద్దేశం.

ముందు ఆ ఏడుపు గురించి. పుట్టినప్పటి నుంచి మన ఇంటికి వచ్చేదాకా కుక్కపిల్ల ఒంటరిగా నిద్రపోయి ఎరగదు. తల్లి పొట్ట వెచ్చదనం, ఒకదాని మీద ఒకటి పడి పడుకునే తోబుట్టువులు, దానికి తెలిసిన నిద్ర అదే. తప్పిపోయిన కూన నోరు మూసుకుని కూర్చుంటే తల్లికి దొరకదు, గట్టిగా అరిస్తేనే దొరుకుతుంది, కాబట్టి ఆ అరుపు దాని ప్రాణరక్షణకు ప్రకృతి ఇచ్చిన సాధనం. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, ఆయన సహచరులు ఎన్నో ఏళ్లు కుక్కపిల్లలను పెంచి గమనించినప్పుడు, తోడు లేకుండా చేసిన పిల్ల తనకు తెలిసిన చోట ఏడ్చినదానికంటే కొత్త చోట ఎక్కువగా ఏడ్చింది. మన ఇంటి మొదటి రాత్రి క్రేట్‌లో ఉన్న పిల్లకు ఈ రెండు కష్టాలూ ఒకేసారి వస్తాయి: తోడూ లేదు, చోటూ కొత్తది. 1970లలో మెదడు శాస్త్రవేత్త యాక్ పాంక్సెప్ బృందం ఇంకొక సంగతి చూపింది. తోడు నుంచి వేరు చేసిన కుక్కపిల్లలకు చాలా తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తే వాటి ఏడుపు తగ్గింది. నొప్పిని తగ్గించే మందు ఎడబాటు ఏడుపును కూడా తగ్గించిందంటే, ఆ ఏడుపును మొండితనం అనో, గారాబం అనో కొట్టిపారేయడానికి వీల్లేదు.

మరి రెండు రోజులకు ఊరుకునే పిల్లల సంగతేమిటి? కొన్ని నిజంగానే సర్దుకుంటాయి. కొన్ని మాత్రం అరిచినా ఎవరూ రారని తెలుసుకుని అరవడం మానేస్తాయి. బయటనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ చేసిన ప్రయోగాల్లో, తప్పించుకునే వీలులేని కరెంటు షాకులకు గురైన కుక్కల్లో చాలా వరకు, తరువాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడి ఉండిపోయాయి. క్రేట్‌లో గడిపిన రాత్రిని ఆ షాకులతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. నిశ్శబ్దం చూసి నెమ్మది అనుకోవద్దని మాత్రమే చెబుతున్నాను. నెమ్మదిగా ఉన్న పిల్ల పక్కకు ఒరిగి, కాళ్లు చాపి, ఒళ్లు వదిలేసి పడుకుంటుంది. పెట్టిన తిండి తింటుంది. భయంతో ఊరుకున్న పిల్ల ఒక మూల ముడుచుకుని, కళ్లు తెరిచి, తిండి ముట్టకుండా ఉంటుంది.

ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి, నా దృష్టిలో మొత్తం విషయానికి ఇదే కీలకం. క్రేట్‌లో ఉండటం ఒక విద్య. ఒంటరిగా ఉండటం వేరొక విద్య. మనం రెండింటినీ ఒకే రాత్రి, ఒకే గడియతో నేర్పించబోతాం. రెండింటినీ విడివిడిగా నేర్పిస్తే రెండూ సులువవుతాయి. మనుషులు పక్కన ఉన్నప్పుడు క్రేట్ నేర్పించాలి. క్రేట్ లేకుండా, ఇంట్లోనే, కొద్దికొద్దిగా దూరం నేర్పించాలి. రెండూ వచ్చాకే కలపాలి.

క్రేట్ విషయం ముందు చూద్దాం. దాన్ని ఎవరూ తిరగని గదిలో కాకుండా, ఇంటిల్లిపాదీ కూర్చునే హాల్లో పెట్టాలి. పిల్ల నిలబడటానికి, వెనక్కి తిరగడానికి, కాళ్లు చాపి పడుకోవడానికి సరిపడా ఉండాలి. పెద్దయ్యాక పట్టే క్రేట్ ముందే కొన్నవారు మధ్యలో అడ్డుపలక పెట్టుకోవచ్చు. తలుపు గాలికి కొట్టుకుని చప్పుడు చేస్తే పిల్ల బెదురుతుంది, కాబట్టి మొదట్లో దాన్ని తాడుతో వెనక్కి కట్టేయండి. లోపల పాత నూలు చీరో లుంగీయో పరిస్తే ఇంటివాళ్ల వాసన ఉంటుంది. వీలైతే పిల్లను తెచ్చుకునేటప్పుడే తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. పిల్లను ఎత్తి లోపలికి తోయవద్దు. ఉడికించిన చికెన్ ముక్కో క్యారెట్ ముక్కో గుమ్మంలో వేయండి, తరువాత కాస్త లోపలికి, ఆ తరువాత చివరికి వేయండి. తిండి గిన్నెను కూడా అలాగే రోజురోజుకూ లోపలికి జరపండి. పిల్ల తనంతట తాను వెళ్లి, తినకపోయినా కాసేపు అందులో కూర్చోవడం మొదలుపెట్టాకే తలుపు సంగతి ఆలోచించాలి. అప్పుడు కూడా తింటున్నంతసేపే తలుపు మూసి, తినడం పూర్తికాక ముందే తెరవాలి. రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే చాలాసేపు నాకుతూ కూర్చుంటుంది, నాకుతూ నాకుతూ నిద్రలోకి జారుకుంటుంది. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం కుక్కలకు విషం. ఉడికించిన ఎముకలు పెళుసుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.

రెండో విద్య దూరం. కుక్కపిల్ల మన కాళ్లకు అడ్డం పడుతూ వంటింట్లోకీ స్నానాల గది గుమ్మందాకా వస్తుంటే మనకు ముద్దుగానే ఉంటుంది, కాని ఆ ముద్దులోనే అది దూరం నేర్చుకునే అవకాశం పోతుంది. వంటింటి గుమ్మానికి చిన్న అడ్డుగేటు పెట్టి, అవతల నిలబడి పని చేసుకోండి. మీరు దానికి కనిపిస్తూనే ఉంటారు. తరువాత ఒక్క క్షణం కనుమరుగై తిరిగి రండి. అది మూలగకముందే రావాలి, ఇదే ముఖ్యం. ఒక నిమిషం, మూడు నిమిషాలు, మళ్లీ అర నిమిషం, ఆ తరువాత ఐదు, ఇలా ఎక్కువా తక్కువా కలిపి చేయండి. ప్రతిసారీ సమయం పెంచుకుంటూ పోతే, మీరు వెళ్లిన ప్రతిసారీ కిందటిసారికంటే కష్టమే ఎదురవుతుందన్నది పిల్లకు అర్థమవుతుంది. తాళంచెవుల గుత్తి తీయడం, చెప్పులు వేసుకోవడం, సంచి భుజానికి తగిలించుకోవడం, వీటిని చూసే పిల్ల బెంగపడటం మొదలుపెడుతుంది గనుక, వాటిని ఎక్కడికీ వెళ్లకుండా ఊరికే చేస్తూ ఉండండి. తాళాలు తీసి సోఫాలో కూర్చుని పేపరు చదువుకోండి. కొన్నాళ్లకు ఆ చప్పుడుకు అది తల కూడా ఎత్తదు.

ఈ రెండింటినీ కలిపే వేళ కూడా ఆలోచించి ఎంచుకోవాలి. ఈ వయసు పిల్ల రోజులో 18 గంటల వరకు నిద్రపోతుంది. ఆడి, తిని, మూత్రవిసర్జన అయ్యాక కళ్లు మూతలు పడుతున్న వేళ క్రేట్‌లో తలుపు మూస్తే సగం పని నిద్రే చేసిపెడుతుంది. పాత ఫోన్ ఒకటి ఎదురుగా పెట్టి వీడియో కాల్‌లో బయటనుంచి చూస్తూ ఉండండి. ఒకటి రెండు నిమిషాలు సణిగి సర్దుకుంటే అలాగే వదిలేయవచ్చు. గొంతు పెరుగుతూ పోతుంటే మాత్రం లోపలికి వెళ్లి తలుపు తెరవండి, తరువాతిసారి వ్యవధి తగ్గించండి. వెంటనే వెళ్తే ఏడుపు అలవాటవుతుందని భయపడేవారున్నారు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు, ఆడుకుందామని పిలిచే అరుపుకు ప్రతిసారీ పరుగెత్తితే అలవాటవుతుంది. కాని బెదిరిపోయిన పిల్లను ఓదారిస్తే దాని బెదురు పెరగదు. ఏది ఏ అరుపో పోల్చుకోవడం వారం పది రోజులు వింటే ఎవరికైనా వస్తుంది.

రాత్రులకు నా సలహా సూటిగా ఉంటుంది. మొదటి వారాల్లో క్రేట్‌ను మీ మంచం పక్కనే, చేయి చాపితే అందే చోట పెట్టండి. బాగా అలవాటయ్యాక రోజుకు కొద్దిగా తలుపు వైపుకు, అక్కడినుంచి హాల్లోకి జరుపుకోవచ్చు. రాత్రి ఒకటి రెండుసార్లు అది మూత్రానికి లేస్తుంది. లైట్లు వేయకుండా, మాట్లాడకుండా, ఆడించకుండా తీసుకెళ్లి తీసుకురండి. పార్వో అనే ప్రాణాంతక అంటువ్యాధి రాకుండా వేసే టీకాలు సుమారు 16 వారాల వయసు వరకు మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. అవి పూర్తయ్యేదాకా వీధి మట్టిలోకి దింపడం ప్రమాదం, కాబట్టి బాల్కనీలో న్యూస్‌పేపర్లు పరిచిన ట్రేయే మేలు.

ఇక ఈ ఊరికే చెందిన ఒక విషయం, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కూడా ఇదే. క్రేట్ మీద దుప్పటి కప్పితే గుహలా ఉండి పిల్ల నిశ్చింతగా నిద్రపోతుందని చలిదేశాల వీడియోల్లో చెబుతారు. మన సముద్రతీరపు ఉక్కపోతలో అది ప్రాణాంతకం కావచ్చు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పినప్పుడు నాలుక మీద, శ్వాసమార్గంలో తడి ఆవిరైతేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే ఆ తడి ఆవిరి కాదు, ఎంత రొప్పినా వేడి తగ్గదు. విజయవాడతో పోలిస్తే మన ఎండ తక్కువేనని ఊరట చెందడం అందుకే పొరపాటు. పగ్, షిహ్ ట్జు వంటి చప్పిడి ముక్కు జాతులకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. కాబట్టి నాలుగు వైపులా గాలి ఆడే తీగల క్రేట్ తీసుకుని, ఫ్యాను కింద, చల్లని గచ్చు మీద పెట్టండి. ఏకాంతం కావాలనుకుంటే ఒక్క వైపు పలుచని నూలు గుడ్డ వేలాడదీయండి. కిందికి ఒలకని నీళ్ల గిన్నె కడ్డీలకు బిగించండి. బాల్కనీలో పెట్టవద్దు, అక్కడ ఎండ గంటగంటకూ జరుగుతుంది, ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి పెచ్చులు రాలితే పిల్ల వాటిని కొరుకుతుంది. కరెంటు పోతే ఆగిపోయే ఫ్యాను కింద, ఇన్వర్టర్ లేని ఇంట్లో, మే నెల మధ్యాహ్నం పిల్లను క్రేట్‌లో మూసి బయటికి వెళ్లకండి. విపరీతంగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. ఒళ్లంతా మామూలు కుళాయి నీళ్లతో తడిపి, ఫ్యాను వేసి, వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. క్రేట్‌లోకి పంపేముందు మెడపట్టీ తీసేయడం కూడా మరవవద్దు, అది కడ్డీకి తగులుకుని పిల్లలు ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉంది.

ఎంతసేపు ఉంచవచ్చని అడుగుతారు. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చే గంటలు అని ఒక లెక్క వాడుకలో ఉంది. ఆ లెక్కన రెండు నెలల పిల్లకు మూడు గంటలు. అయితే అది మూత్రాశయం పట్టుకోగలిగే గరిష్ఠ హద్దు, మనసుకు సంబంధించిన లెక్క కాదు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు 8 గంటలు, దానికి రానూపోనూ ప్రయాణం కలపండి. అంతసేపు ఏ పిల్లనూ క్రేట్‌లో ఉంచకూడదు. అలాంటి ఇళ్లలో క్రేట్ తలుపు తెరిచే ఉంచి, దాని చుట్టూ మడత కంచె నిలబెట్టి, ఆ చిన్న ఆవరణలో నీళ్లు, న్యూస్‌పేపరు ట్రే అమర్చి, మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్లో, పక్కింటివారో, జీతమిచ్చి కుదుర్చుకున్న మనిషో వచ్చి చూసుకునే ఏర్పాటు చేయాలి. స్వీడన్‌లో ఇంట్లో కుక్కను రోజువారీగా క్రేట్‌లో మూసి ఉంచడానికి చట్టం ఒప్పుకోదు, అయినా అక్కడా కుక్కలు చక్కగా పెరుగుతున్నాయి. మన చట్టం కూడా మౌనంగా లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కదలడానికి చాలని బోనులో జంతువును ఉంచడాన్ని నేరంగా పేర్కొంటోంది, ఎప్పుడూ బంధించి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడాన్ని కూడా నేరంగానే పేర్కొంటోంది. కుక్కల పెంపకం, అమ్మకంపై 2017లో వచ్చిన కేంద్ర నియమాలు 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటున్నాయి. నెల పిల్లను చేతిలో పెట్టి ముద్దుగా ఉందంటూ అమ్మేవారి దగ్గర కొనకండి. తల్లి దగ్గర గడపవలసిన ఆ నాలుగు వారాల లోటును మీరెంత ఓపికపట్టినా పూడ్చడం కష్టం.

ఇంత కష్టపడి క్రేట్ అసలు నేర్పించడమెందుకని మీకు అనిపించవచ్చు. ఎందుకంటే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రతి కుక్కా మూసిన చోట ఉండవలసి వస్తుంది. శస్త్రచికిత్స తరువాత ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచుతారు. రైల్లో తీసుకెళ్లాలంటే ఏసీ ఫస్ట్ క్లాస్ కూపే దొరకనివారికి మిగిలేది బ్రేక్‌వ్యాన్‌లోని కుక్కల పెట్టె. దీపావళి బాణసంచాకు బెదిరి వీధిలోకి పరుగెత్తే కుక్కలు ఏటా ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని తాకినప్పుడు తలుపులూ కిటికీ అద్దాలూ ఎగిరిపోయిన ఇళ్లలో కుక్కను ఒకచోట క్షేమంగా ఉంచడం ఎంత అవసరమో ఆ రోజు ఇక్కడ ఉన్నవారికి చెప్పనక్కరలేదు. అటువంటి రోజున క్రేట్ దానికి కొత్తది కాకూడదు.

చివరగా, ఇవన్నీ ఓపికగా చేసినా సర్దుకోని పిల్లలు కొన్ని ఉంటాయి. గోళ్లు విరిగేలా గీరడం, పళ్లు దెబ్బతినేలా కడ్డీలు కొరకడం, చొంగతో మెడంతా తడిసిపోవడం, తాను పడుకునే చోటే మలమూత్రాలు చేసుకోవడం కనిపిస్తే క్రేట్ పూర్తిగా మానేసి వైద్యుని కలవండి. పొట్టలో పురుగులున్నా, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పిల్ల కుదురుగా ఉండలేదు, ముందు వాటిని చూడాలి. నిజంగా ఎడబాటు భయమే అయితే దానికి మందులున్నాయి, అవి వైద్యుడే నిర్ణయించాలి. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే నిద్రమాత్రలో సగం విరిచి ఇవ్వడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. వెళ్లేటప్పుడు పిల్ల క్రేట్‌లో ఉండగా తీసిన ఐదు నిమిషాల వీడియో వెంట తీసుకెళ్లండి. ఆస్పత్రి బల్ల మీద అది ఇంట్లో ఉన్నట్టు ఉండదు, కాబట్టి వైద్యునికి మీరు మాటల్లో చెప్పేదానికన్నా ఆ వీడియోయే ఎక్కువ పనికొస్తుంది.