మూతపడ్డ ఫ్యాక్టరీ ఫోటోలకి ఏ పేపర్? తిరుపతి వానల్లో ప్రింట్ పాడవకుండా పటం ఎలా కట్టించాలి?

అందరికీ నమస్కారం. ఈ రోజు రెండు పేపర్లు చూద్దాం: కాన్సన్ కంపెనీవి రాగ్ ఫోటోగ్రాఫిక్, ప్లాటిన్ ఫైబర్ రాగ్. రెండూ 310 జీఎస్ఎం (చదరపు మీటరుకి 310 గ్రాముల బరువు), నూటికి నూరుపాళ్లు కాటన్. తెల్లదనం కోసం కలిపే బ్రైటనర్లు రెండింట్లోనూ లేవు. ఆ బ్రైటనర్ల పవర్ తగ్గేకొద్దీ పేపర్ పసుపు తేలుతుంది కాబట్టి ఇది పెద్ద ప్లస్.

మొదటిది మ్యాట్, అంటే మెరుపు లేనిది. గాజులమండ్యంలో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ లాంటి చోట మబ్బు రోజున తీసిన చిమ్నీ, పెచ్చులూడిన గోడ, తుప్పు రేకులు దీని మీద ఎంత బాగుంటాయో! జర్మనీలో ఫోటోగ్రాఫర్లు బెషర్ దంపతులు 1959 నుంచి ఫ్యాక్టరీ కట్టడాల్ని మబ్బు వెలుతురులో తీశారు. గట్టి నీడలు పడవు, ఆకారం మొత్తం తెలుస్తుంది.

మరి బాయిలర్ హౌస్ లోపలి చీకటి? మ్యాట్ మీద నలుపు డెన్సిటీ (నలుపు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) సుమారు 1.6, 1.7 దగ్గరే ఆగిపోతుంది. ప్లాటిన్ మీద 2.2 దాటుతుంది. చీకట్లో గేర్లు, పైపులు విడివిడిగా కనపడతాయి. ఒక్కటే కొనాలంటే నా ఓటు ప్లాటిన్‌కే.

మ్యాట్ వాడితే, ప్రింటర్లో పెట్టేముందు షీట్‌ని మెత్తటి బ్రష్‌తో దులపండి. పైనున్న నూలుపోగు మీద ఇంకు పడి, తర్వాత ఆ పోగు రాలితే తెల్ల చుక్క మిగులుతుంది.

ఇక పటం కట్టడం. ఎంత మంచి పేపరైనా ఇక్కడే పాడవుతుంది. దేవుడి పటాల్లాగా అద్దం నేరుగా ప్రింట్‌కి తగిలించి, వెనకాల హార్డ్‌బోర్డ్ కొడతామంటే ఒప్పుకోవద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వానల తేమకి ప్రింట్ అద్దానికి అతుక్కుంటుంది, విడదీస్తే ఇంకు పొర ఊడొస్తుంది. హార్డ్‌బోర్డ్‌లోని యాసిడ్ గోధుమరంగు మరకై పాకుతుంది.

పిగ్మెంట్ ప్రింట్‌ని (కరగని రంగు పొడి ఉండే ఇంకుతో తీసినదాన్ని) 24 గంటలు ఆరనివ్వండి. యాసిడ్ లేని మౌంట్ బోర్డ్‌కి (ప్రింట్ చుట్టూ పెట్టే మందపాటి అట్టకి) బొమ్మ కనపడేలా కిటికీ కోయించండి, అద్దానికీ ప్రింట్‌కీ మధ్య ఖాళీ వస్తుంది. వెనకాల కూడా అదే బోర్డ్. ప్రింట్‌ని పై అంచున మాత్రమే, రెండు జపనీస్ టిష్యూ ముక్కలతో, గోధుమ స్టార్చ్ జిగురుతో వేలాడదీయాలి. నాలుగువైపులా అంటిస్తే, తేమకి సాగిన పేపర్‌కి చోటు చాలక అలలు తేలుతుంది. సెల్లోటేప్ వద్దే వద్దు.

ఫ్రేమ్ కింది మూలల్లో రబ్బరు బిళ్లలు అంటిస్తే వెనక గాలి ఆడుతుంది. వాన కొట్టే గోడకీ, అగరుబత్తి పొగ తగిలే చోటా పెట్టకండి. యూవీ కిరణాల్ని ఆపే అద్దం వేయించినా ఎండ పడనివ్వద్దు, రంగు వెలిసిపోవడం ఆలస్యమవుతుందే గానీ ఆగదు.

బీరువాలో దాచే కాపీలకి పీవీసీ కవర్లు కాదు, పాలిస్టర్‌వి కొనండి. పక్కనే చిన్న తేమ మీటర్ పెట్టండి. 50 శాతం లోపు మంచిది. 65 దాటితే బూజు పట్టొచ్చు, వెంటనే సిలికా జెల్ మార్చండి.