ఎడమవైపు, అడుగున, మళ్ళీ అక్కడే

శ్రోతలకు నమస్కారం.

గాజువాక నుంచి వచ్చిన ఒక వెల్డర్ సంగతి చెబుతాను. వయసు ముప్పై నాలుగు. చేతిలో బట్టల షాపు సంచి, దాని నిండా పాత ఎక్స్‌రేలు. మన విశాఖ తేమకి రెండు ఫిల్ములు అతుక్కుపోయాయి కూడా.

"ఏటా నిమ్ము చేస్తాది సార్, మందులేస్తే తగ్గిపోతాది" అన్నాడు. ఒకసారి కళ్ళెలో రక్తం పడితే ఎక్కడో ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. కళ్ళె పరీక్షలో మాత్రం ఏనాడూ క్రిమి దొరకలేదు.

ఫిల్ములన్నీ తేదీల వరసన లైటు మీద పెట్టాం. ప్రతిదానిలోనూ తెల్ల మచ్చ ఎడమ ఊపిరితిత్తి అడుగునే, గుండె నీడ వెనకే. నిమ్ము పదే పదే ఒకే చోట చేస్తోందంటే ఆ చోటులోనే ఏదో ఉందని అనుమానించాలి. గడ్డ కావచ్చు, శ్వాసనాళంలో ఇరుక్కున్న వేరుశనగ గింజ కావచ్చు. అరుదుగా పుట్టుకతో వచ్చిన లోపమూ కావచ్చు.

రంగుమందు ఎక్కించి సీటీ తీస్తే ఆయనకి ఉన్నది ఈ పుట్టుక లోపమేనని తేలింది. ఊపిరితిత్తిలో ఒక ముక్కకి శ్వాసనాళంతో సరైన సంబంధం లేదు. రక్తం కూడా ఊపిరితిత్తుల నాళం నుంచి రావడం లేదు, ఒళ్ళంతటికీ రక్తం మోసే పెద్ద ధమని నుంచి నేరుగా వస్తోంది. వీధి మెయిన్ పైపుకి దొంగ కనెక్షన్ వేసినట్టు. దీన్ని సీక్వెస్ట్రేషన్ అంటారు. ఈ మాటని 1946లో వాడుకలోకి తెచ్చినాయన ప్రైస్, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ దగ్గర ఒకప్పుడు సహాయకుడు.

"పుట్టుకతో ఉంటే ఇన్నాళ్ళూ తెలీకపోడమేంటి సార్?" అని వెల్డరు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ ముక్క మామూలు ఊపిరితిత్తి పొర లోపలే ఒదిగి ఉంటుంది, నొప్పి ఉండదు. పక్కనుంచి సన్నటి రంధ్రాల గుండా క్రిములు చేరాక బయటికి పోయే దారి ఉండదు, అప్పుడు మొదలవుతుంది గొడవ. కొందరిలో అదీ జరగదు, ఇంకెందుకో తీసిన స్కాన్‌లో బయటపడుతుంది.

ఆ ముక్కని తీసేసే ఆపరేషన్‌కి ముందే ఆ ధమని ఎక్కడినుంచి వస్తోందో సర్జన్‌కి తెలియాలి. కొన్నిసార్లు అది పొట్టలోంచి పైకి వస్తుంది. తెలియక కోస్తే తెగిన కొస కిందికి జారిపోతుంది, రక్తం ఆపడం చాలా కష్టం. పరీక్ష కోసం సూదితో చిన్న ముక్క తీయడమూ ప్రమాదమే.

ఆయనకి ఆపరేషన్ అయింది, మళ్ళీ పనిలోకి వెళ్తున్నాడు. ఆ ఎక్స్‌రేలని పాత సామాన్లవాడికి వేసేద్దామని ఇంట్లో అనుకున్నారట. అతుక్కున్న ఫిల్ములు తీసుకోనన్నాడట వాడు.