పోగు లేని పశువుకూ వైద్యం కావాలి

సభకు వచ్చిన పాడి రైతులకు, గొర్రెల కాపరులకు, పశువైద్య శాఖలో నాతో కలిసి పనిచేసిన మిత్రులకు నమస్కారం.

ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాల్లో నేను ఊరూరా తిరిగి పశువుల చెవులకు పసుపు పోగులు వేశాను కాబట్టి, ఈ రోజు చెప్పబోయే మాటలు నా చేతుల మీదుగా జరిగిన పని గురించే. గేదెను గుంజకు కురచగా కట్టి, ఇంటివాళ్లు ముక్కుతాడు పట్టుకుంటే, చెవి మధ్యలో రక్తనాళాలు తగలని చోటు వేలితో తడిమి చూసుకుని, అయొడిన్ అద్ది, పట్టకారు లాంటి పరికరంతో ఒక్క నొక్కు నొక్కాలి. సరిగ్గా పడితే టక్కుమని శబ్దం వస్తుంది, గేదె ఒకసారి తల విదిలించి మళ్లీ గడ్డి అందుకుంటుంది. కాస్త పక్కకు పడితే మాత్రం రక్తం కారుతుంది, వానాకాలమైతే మూడు నాలుగు రోజులకే ఈగలు ముసిరి పుండవుతుంది. అలాంటి పుండ్లు కడగడానికి మళ్లీ వెళ్లిన ఇళ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ పోగు మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. దాని కింద పశువు జాతి, వయసు, ఈతలు, వేసిన టీకాలు, వాటితోపాటు యజమాని పేరు, ఊరు, ఫోను నంబరు కంప్యూటరులోకి ఎక్కుతాయి. మొదట జాతీయ పాడి అభివృద్ధి బోర్డు తయారు చేసిన ఇనాఫ్ అనే కంప్యూటరు వ్యవస్థలో ఎక్కించేవాళ్లం, ఇప్పుడది భారత్ పశుధన్ అయింది. 2019 సెప్టెంబరులో మథురలో ప్రధానమంత్రి ప్రారంభించిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం ఈ పోగులను దేశమంతటా తీసుకెళ్లింది. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు చేసే గాలికుంటును, చూడి పశువుల గర్భం పోగొట్టే బ్రూసెల్లోసిస్‌ను అదుపు చేయడానికి ఐదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించిన ఆ కార్యక్రమం మంచి ఉద్దేశంతో మొదలైందని, దానివల్ల టీకా ముఖం ఎరుగని ఊళ్లకు కూడా టీకా వెళ్లిందని నేను సాక్ష్యం చెప్పగలను. రైతు ఇష్టపడి వేయించుకున్న పోగు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఏ పశువుకు ఎప్పుడు సూది వేశారో, ఎప్పుడు ఎదకు వచ్చిందో రాసిపెట్టుకోవడం పాడికి మేలే చేస్తుంది.

నా అభ్యంతరమంతా ఆ పోగును షరతుగా మార్చడం మీద. మన పొరుగున ఉన్న మహారాష్ట్ర ప్రభుత్వం 2024 జూన్ 1 నుంచి చెవిపోగును తప్పనిసరి చేసింది. పోగు లేని పశువును సంతలో అమ్మకూడదు, కొనకూడదు, ఒక చోటి నుంచి మరో చోటికి తరలించకూడదు. ప్రభుత్వ పశువైద్యశాలల్లో దానికి వైద్యం అందదు. పిడుగు పడినా, కరెంటు తగిలినా, అడవి జంతువు చంపినా పరిహారం రాదు. ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతాల రైతులకు ఆ సరిహద్దు అవతలి సంతలతో తరతరాల రాకపోకలు ఉన్నాయి కాబట్టి, ఇది పరాయి రాష్ట్రం వ్యవహారమని మనం ఊరుకోలేం. అక్కడ అమలైన పద్ధతి రేపు ఇక్కడికి కూడా రావచ్చు, వచ్చాక మాట్లాడటం కన్నా ముందే మాట్లాడటం మంచిది.

ఈ షరతులన్నిటిలో వైద్యం అందదన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. చొంగ కారుస్తూ, గిట్టల మధ్య పుండ్లతో కుంటుతూ వచ్చిన ఎద్దును చూసి ముందు చెవి వైపు చూడమని ఏ పశువైద్య కళాశాలా నేర్పలేదు. మానవత్వం మాట పక్కన పెట్టి వ్యాధి నియంత్రణ కోణంలో చూసినా ఇది తలకిందుల ఆలోచనే. జబ్బు పశువు ఆసుపత్రి గడప తొక్కితేనే ఊళ్లో రోగం మొదలైందని డాక్టరుకు తెలుస్తుంది. పోగు లేదని తిప్పి పంపితే రైతు నాటువైద్యం చేయించుకుంటాడు, లేదా ఆ పశువును చీకటిలో ఏ దళారికో తక్కువ ధరకు తోలేస్తాడు. అప్పుడు రోగం కూడా దానితోపాటే పక్క ఊరికి నడిచి వెళుతుంది.

పోగు రాలిపోతుందన్న సంగతి ఉత్తర్వులు రాసేవాళ్లు గుర్తుపెట్టుకోరు. మేతకు వెళ్లిన గేదె ముళ్లకంచెకు తల రుద్దుకుంటుంది, చెరువులో పొర్లుతుంది, కొట్టంలో పక్క గేదెతో కుమ్ములాడుతుంది. పోగుతో పాటు చెవి చీలి వేలాడిన పశువులను నేను చూశాను. నాకు బాగా తెలిసిన ఒక ఒంటరి మహిళ, సెంటు భూమి లేని మనిషి, అప్పు చేసి ఒక ముర్రా గేదెను కొని బీమా చేయించింది. రెండో ఈత తరువాత అది పోగు ఎక్కడో పారేసుకుంది. ఆమె చెప్పడానికి వచ్చిన రోజు మా దగ్గర పోగులు అయిపోయాయి, వచ్చే వారం రమ్మన్నాం. ఆ వారం లోపలే గేదె కడుపుబ్బి చనిపోయింది. ఒంటి మీది సుడులు, కొమ్ముల తీరు, తోక చివరి తెల్ల కుచ్చు అన్నీ పాలసీ కాగితంలో రాసి ఉన్నా, ఊరంతా వచ్చి ఇది ఆమె గేదేనని చెప్పినా, పోగు లేకపోతే క్లెయిమ్ లేదన్న ఒక్క నిబంధన దగ్గర ఆ కాగితం ఆగిపోయింది. తప్పు మా దగ్గర పోగులు లేకపోవడంలో ఉంది, నష్టం మాత్రం ఆమె నెత్తిన పడింది. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్న సామెతను ఆ రోజు ఊళ్లో ఒక పెద్దాయన మా ముఖం మీదే అన్నాడు, నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఇప్పుడు గొర్రెల సంగతి చూద్దాం. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రలో 1 కోటి 76 లక్షలు. వేసవిలో మందను తోలుకుని జిల్లాలు దాటిపోయే కాపరికి రాత్రి ఏ పొలంలో మంద పెడతాడో ఆ ఉదయానికే తెలియదు. దారిలో ఈనిన పిల్లకు సంఖ్య ఎవరు వేస్తారు, చచ్చినదాన్ని ఎవరు కొట్టివేస్తారు, సిగ్నలు అందని నల్లమల అంచున ఎవరు ఫోనులో ఎక్కిస్తారు? అతనికి తన గుర్తింపు పద్ధతి ఉంది. చెవి కోత, వీపు మీద జాజు గీత, బొల్లిది, నల్లమూతిది అన్న పిలుపు. మూడు మందలు కలగలిసినా పూట తిరగకుండా ఎవరివి వాళ్లు వేరు చేసుకోవడం నేను చాలాసార్లు చూశాను. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం కూడా టీకా వేసిన పశువుకు వాత, పచ్చబొట్టు, చెవిపోగు, లేదా అధికారి నిర్ణయించిన మరో పద్ధతిలో గుర్తు పెట్టవచ్చని వెసులుబాటు ఇచ్చింది. చట్టం నాలుగు దారులు చూపించినప్పుడు మూడింటిని మూసేసి ఒక్కదాన్నే మిగల్చడం ఏం న్యాయం?

పోగు వేస్తే మోసం ఆగుతుందని చెప్పేవాళ్లకు మన అనుభవమే జవాబు. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 20 గొర్రెలకు, ఒక పొట్టేలుకు కలిపి ఒక యూనిట్‌గా 75 శాతం సబ్సిడీతో ఇచ్చారు, ప్రతి జీవానికీ చెవిపోగు వేశారు. అయినా ఒకే సంఖ్య రెండు మూడు చోట్ల కనిపించిందని, గొర్రెలను తరలించినట్టు చూపించిన బండ్ల నంబర్లలో ద్విచక్ర వాహనాలవి కూడా ఉన్నాయని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది. నిజాయితీ లేని చోట సంఖ్య కూడా కాగితం మీది అంకెగానే మిగులుతుంది.

మరో భయం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. వ్యాధి కోసమని సేకరించిన వివరం రేపు దేనికి వాడతారు? 2017 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు సమర్పించిన కమిటీ సిఫారసుల్లో, పశువుల అక్రమ రవాణాను అరికట్టడానికి ప్రతి ఆవుకూ విశిష్ట సంఖ్య ఇవ్వాలని ఉంది. అంటే అదే పోగు ఒక చోట టీకా రికార్డు, మరో చోట పోలీసు రికార్డు. ఆ మరుసటి నెలలోనే వచ్చిన పశువుల సంతల నిబంధనలు, కొనేవాడు వ్యవసాయదారుడని రుజువు చూపాలన్నాయి. పట్టా లేని కౌలుదారు, భూమి లేని కూలి ఆ రుజువు ఎక్కడ తెస్తాడు? మద్రాసు హైకోర్టు వాటి మీద ఇచ్చిన స్టేను జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తింపజేసింది. వట్టిపోయిన గేదెను అమ్మి పాడి గేదెను తెచ్చుకోవడమే చిన్న రైతు పాడికి ఆధారం. సంతకు వెళ్లే దారిలో ఒక్క కొత్త ఆటంకం పెట్టినా ఆ చక్రం ఆగుతుంది.

ఈ వాదన మనం మొదటిసారి చేస్తున్నది కాదు. అమెరికాలో 2003 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఆవుకు మెదడును దెబ్బతీసే మ్యాడ్ కౌ వ్యాధి బయటపడ్డాక, అక్కడి వ్యవసాయ శాఖ ప్రతి పశువుల దొడ్డికీ, ప్రతి జంతువుకూ సంఖ్య ఇచ్చి, 48 గంటల్లో ఎక్కడిది ఎక్కడికి వెళ్లిందో కనుక్కునే జాతీయ విధానం తలపెట్టింది. 2005 ముసాయిదాలో 2009 నుంచి తప్పనిసరి అని రాసుకుంది. పెద్ద కంపెనీల షెడ్లలో ఒకే గుంపుగా పెరిగి ఒకే గుంపుగా కదిలే వేల కోళ్లకు, పందులకు కలిపి ఒక్క సంఖ్య చాలన్నారు. పెరట్లో పది రకాల జీవాలను పెంచుకుని ఒక్కొక్కటిగా అమ్ముకునే చిన్న రైతు మాత్రం ఒక్కో జీవానికి ఒక్కో సంఖ్య తీసుకోవాలన్నారు. అక్కడి చిన్న రైతులకు కోపం తెప్పించింది ఈ తేడాయే. విస్కాన్సిన్ రాష్ట్రంలో దొడ్డి నమోదును చట్టం తప్పనిసరి చేసినప్పుడు, పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ అనే క్రైస్తవ వర్గం రైతులు మా మత విశ్వాసానికి విరుద్ధమని ఎదురు నిలిచారు. 2009లో ప్రభుత్వమే దేశమంతా తిరిగి రైతుల మాట వింది, 2010 ఫిబ్రవరిలో ఆ విధానాన్ని విరమించుకుంది. 2013లో తెచ్చిన కొత్త నియమాన్ని రాష్ట్రం దాటి కదిలే పశువులకే పరిమితం చేసింది. రైతులు గట్టిగా అడిగితే ప్రభుత్వం వెనక్కి తగ్గి మరో దారి వెతికిందని మనం గమనించాలి.

పోగు తప్పనిసరి కాకపోతే రోగాలు ఎలా ఆగుతాయని మిత్రులు అడుగుతున్నారు. కోట్ల పశువులను పొట్టన పెట్టుకున్న ముసర వ్యాధి, రిండర్‌పెస్ట్, 2006 నాటికి మన దేశంలో లేకుండా పోయింది, 2011లో ప్రపంచమంతటా నిర్మూలన అయింది. మా పెద్దలు ఊరూరా తిరిగి, కొట్టం కొట్టం చూసి, కాపరులను అడిగి, మంచి టీకా వేసి దాన్ని పారదోలారు. అప్పుడు ఏ పశువుకూ జాతీయ సంఖ్య లేదు. గాలికుంటు విషయంలో 2020లో ఏం జరిగిందో చూడండి. సరఫరా అయిన టీకాల్లో కొన్ని బ్యాచులు నాణ్యత పరీక్షలో నిలవక కార్యక్రమమే ఆగాల్సి వచ్చింది. 12 అంకెలతో ఆవును వెంబడించిన వ్యవస్థకు, సీసాలోని మందు పనిచేస్తుందా లేదా అన్నది పశువుకు సూది తగలకముందే తెలియాల్సింది. టీకా చల్లదనం చెడకుండా కొట్టం దాకా చేరడం, ఆరు నెలలకోసారి వేళ తప్పకపోవడం, ఖాళీగా ఉన్న పశువైద్యుల పోస్టులు నింపడం, ఇవి రోగాన్ని ఆపుతాయి.

ఈ సభ తరఫున ఇవ్వబోయే వినతిపత్రంలో నాలుగు మాటలు ఉండాలని కోరుతున్నాను. పోగు లేదన్న కారణంతో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ వైద్యం, టీకా నిరాకరించకూడదు. పోగు రాలిపోయినప్పుడు పంచాయతీ కార్యదర్శి లేదా పశువైద్యుడు ఇచ్చిన ధ్రువీకరణను, పాత ఫొటోను బీమాకు, పరిహారానికి సరిపోయే ఆధారంగా తీసుకోవాలి. తిరిగే మందలకు మంద మొత్తానికి ఒక కాగితం చాలాలి. రైతు వివరాలు పశువైద్య శాఖ దాటి మరే శాఖకూ, మరే సంస్థకూ వెళ్లకూడదు.

నేను చెప్పిన ఆ మహిళ ఇప్పుడు పక్కింటివాళ్ల పెయ్యను పాలుకు, అంటే వాటా పద్ధతిలో, పెంచుతోంది. మొన్న దానికి పోగు వేయించుకుని వస్తూ నన్ను ఆపి, ‘ఇది కూడా పడిపోతే ఆ రోజే ఎవరికి చెప్పాలి సారూ, చెప్పినట్టు నాకు రాసిచ్చేదెవరు?’ అని అడిగింది. ప్రతి పశువైద్యశాల గోడ మీద ఆ మనిషి పేరు, ఫోను నంబరు రాయించాలని, చెప్పిన రోజే రశీదు ఇవ్వాలని వినతిపత్రంలో ఐదో మాటగా చేర్చండి.