అనంతపురంలో నలుగురికి నెల సరుకులు: నాలుగు చోట్ల కొని చూశాం, రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు టేబుల్ మీద ఉన్నది ఒక నెల సరుకు. నలుగురున్న ఇల్లు అనుకోండి, ఇద్దరు పెద్దవాళ్లు, బడికి పోయే ఇద్దరు పిల్లలు. మన అనంతపురంలో ఈ నలుగురూ నెలంతా కడుపునిండా, ఒంటికి పట్టేలా తినాలంటే ఏం కొనాలి, ఎక్కడ కొనాలి? రేషన్ షాపు, రైతు బజారు, పాతూరు హోల్‌సేల్ అంగడి, సూపర్‌మార్కెట్, ఈ నాలుగు చోట్ల తెచ్చిన సరుకు పక్కపక్కన పెట్టాను. ధరలు చెప్పేటప్పుడు నేను కొన్న రోజు ధరే చెప్తాను. మీరు చూసేనాటికి అటూ ఇటూ అయి ఉండొచ్చు, అందుకే లెక్క ఎలా వేయాలో కూడా చూపిస్తాను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. డబ్బుకు ఇబ్బంది ఉన్న నెలలో మన ఇళ్లలో మొట్టమొదట పలచబడేది పప్పు. గ్లాసు బ్యాళ్లు వేసే చోట అర గ్లాసు వేసి, రెండు చెంబుల నీళ్లు పోసి, చింతపండు పులుపుతో సరిపెడతారు. నూనె పాకెట్టు, చక్కెర, టీపొడి, బిస్కెట్లు మాత్రం ఎన్ని కొనేవాళ్లో అన్నే కొంటారు. ఇది పూర్తిగా తలకిందుల లెక్క. కోత పెట్టాల్సి వస్తే నూనెలో పెట్టండి, చక్కెరలో పెట్టండి, రంగు పాకెట్లలో పెట్టండి. బ్యాళ్లు, చెనిక్కాయ విత్తనాలు, గుడ్డు, ఆకుకూర, వీటి జోలికి పోవద్దు.

ఇది నా సొంత మాట ఒక్కటే కాదు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేశారు. అందులో 2000 క్యాలరీల రోజు భోజనానికి కొలతలు ఇచ్చారు. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు, గుడ్డు, మాంసం అన్నీ కలిపి 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100, చెనిక్కాయల్లాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు. పిల్లలకు కొంచెం తగ్గుతుంది, ఎండలో కష్టం చేసేవాళ్లకు పెరుగుతుంది. దీన్ని నలుగురికి, ముప్పై రోజులకు లెక్క కట్టండి. ధాన్యాలు 30 కిలోలు. పప్పుల వరుసలోవి పది కిలోల పైన. నూనె మూడు కిలోల పైచిలుకు, అంతే. ఇప్పుడు మీ ఇంటి నెల చిట్టా తీసి దీని పక్కన పెట్టి చూడండి. చాలా చిట్టాల్లో నూనె ఐదు లీటర్లు, బ్యాళ్లు రెండు కిలోలు కనిపిస్తాయి.

సరే, మొదట రేషన్ షాపు. కార్డులో మనిషికి ఐదు కిలోల చొప్పున నలుగురికి 20 కిలోల బియ్యం ఉచితం. అర కిలో చక్కెర 17 రూపాయలు. 2025 జూన్ నుంచి ఇంటింటికీ రేషన్ తెచ్చే బండ్లు ఆగిపోయి మళ్లీ షాపుల్లోనే ఇస్తున్నారు, ఒకటో తారీఖు నుంచి పదిహేను దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. సబ్సిడీ కందిబ్యాళ్లు వచ్చిన నెలలో వాటిని అసలు వదలొద్దు.

ఇదిగో, ఈ పళ్లెంలో పోసింది ఆ బియ్యమే. దగ్గరగా చూడండి. మధ్యమధ్యలో కొన్ని గింజలు రంగు తేడాగా ఉన్నాయి, నీళ్లు పోస్తే పైకి తేలతాయి. వీటిని ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి పారేయకండి. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలాగా అచ్చు పోసి, నూటికి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలిపిన గింజలివి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ గింజ పెట్టింది అందుకే.

ఈ బియ్యం అన్నంగా కొంతమందికి నచ్చదు, ఆ మాట నిజమే. లావుగా ఉంటుంది, చల్లారితే గట్టిపడుతుంది. అందుకని తక్కువకు అమ్మేసి, కిలో యాభై దాటిన సన్నబియ్యం కొంటారు. నా దృష్టిలో నెల బడ్జెట్‌కు ఇంతకు మించిన చిల్లు లేదు, పైగా రేషన్ బియ్యం అమ్మడం చట్టరీత్యా నేరం కూడా. ఇదే బియ్యం సంగటికి ఎంత బాగుంటుందో చూడండి. మెత్తగా, కాస్త నీళ్లు ఎక్కువగా ఉడకనిచ్చి, పైన రాగిపిండి కుప్పగా పోసి, మూత పెట్టి సన్న మంట మీద పిండి ఉడకనివ్వాలి. తర్వాత సంగటికట్టెతో ఉండ లేకుండా గెలకాలి. సన్నబియ్యంతో ఈ జిగి రాదు. దోసెకూ అంతే, మూడు గ్లాసుల రేషన్ బియ్యానికి ఒక గ్లాసు ఉద్దిబ్యాళ్లు వేసి నానబెడితే సరిపోతుంది. రేషన్ బియ్యానికి నేను ఇచ్చే మార్కులు పదికి ఎనిమిది. తగ్గించిన రెండూ రాళ్లు, నూక ఏరే పనికి.

ముప్పైలో ఇరవై కిలోలు ఇక్కడే వచ్చేశాయి. మిగిలిన పది కిలోలు సగం రాగులు, సగం జొన్నలు తీసుకోండి, గింజలుగా తెచ్చి మిల్లులో పట్టించండి. పాకెట్ రాగిపిండి కంటే చౌక, పిండి పాతదేమోనన్న భయం ఉండదు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, వంద మిల్లీలీటర్ల పాలలో 120 దగ్గర. పాలు తగ్గించుకోక తప్పని ఇంట్లో రాగి సంగటి, రాగి జావ ఉన్నాయంటే నాకు కొంత ధైర్యం.

ఇప్పుడు పాతూరు అంగడి సరుకు. ఈ వీడియోలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, కాస్త తీరిగ్గా చూద్దాం. వంద రూపాయలు పెడితే ఎంత ప్రోటీన్ వస్తుందో లెక్క వేశాను. కందిబ్యాళ్లు కిలో 120కి దొరికాయి, వందకు 180 గ్రాముల ప్రోటీన్. చెనిక్కాయ విత్తనాలు కిలో 140, వందకు 170 దగ్గర. గుడ్డు ఏడు రూపాయలు, వందకు 85, కానీ గుడ్డు ప్రోటీన్ ఒంటికి బాగా పడుతుంది కాబట్టి అంకె చూసి తక్కువ అనుకోవద్దు. పాలు వందకు యాభై చిల్లర. పిల్లల కోసం డబ్బాల్లో అమ్మే తీపి పొడులు వందకు ఇరవై పైన రావడమే కష్టం. వాటిని హెల్త్ డ్రింక్ అనే వరుసలో పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది కూడా.

ఇక ఉలవలు. కిలో 80. వంద రూపాయలకు 270 గ్రాముల ప్రోటీన్. ఈ టేబుల్ మీద దీన్ని కొట్టే సరుకు లేదు. మన నేలలో, మన వానలకే పండే పంట, అయినా చాలా ఇళ్లలో నెలకొకసారి కూడా కనపడదు. కొనేటప్పుడు గుప్పెడు తీసుకుని అరచేతిలో పరిచి చూడండి. గింజ మీద సన్నని గుండ్రటి చిల్లి ఉంటే పురుగు పట్టిందని, తీసుకోవద్దు. మట్టిగడ్డలు ఉలవ రంగులోనే ఉంటాయి, కంటికి దొరకవు. నీళ్లలో వేసి వేలితో నలిపితే కరిగిపోతాయి, రెండు మూడు సార్లు గాలించాలి. రాత్రంతా నానబెట్టి, నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్‌లో ఆరేడు విజిల్స్ రానివ్వండి. పైన తేరిన కట్టు వంచి చారు పెట్టుకోండి, ఎల్లిగడ్డ, మిరియాలు, చింతపండు చాలు. అడుగున మిగిలిన గింజల్లో సగం ఎర్రగడ్డ, ఎండుమిరప తాలింపుతో గుగ్గిళ్లు, సాయంత్రం పిల్లలు బడి నుంచి రాగానే. మిగతా సగం పచ్చిమిరప, చెనిక్కాయలతో కలిపి నూరితే మరుసటి పూట సంగటిలోకి. ఒక కుక్కర్, ఒకే గ్యాస్ ఖర్చు, మూడు వంటలు.

ఊరుబిండి గురించి మనవాళ్లకు చెప్పక్కర్లేదు. వేయించిన చెనిక్కాయ విత్తనాలు, పచ్చిమిరప, ఎల్లిగడ్డ, టమాటా, చింతపండు. కూరగాయలు మండిపోయే వారంలో ఇదే కూర. ఒక్కటే గమనించండి, బూజు వాసన వచ్చే, ముడుచుకుని రంగు మారిన విత్తనాలు ఏరి పారేయాలి. చెనిక్కాయకు పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. చౌక అని పాడైనవి తేవద్దు.

రైతు బజారుకు వస్తే, కూరగాయలకు నేను అక్కడికే పొమ్మంటాను. 1999లో రైతు నేరుగా అమ్ముకోవడానికి మొదలైన పద్ధతి, లోపలికి పోగానే ఆనాటి ధరల బోర్డు ఉంటుంది. బోర్డు చూడకుండా బేరానికి దిగొద్దు. ఇంటి నుంచి చిట్టా రాసుకుని పోవడం ఇక్కడ పనికిరాదు. కక్కలపల్లి మార్కెట్‌కు టమాటా ముంచెత్తిన వారం ఒక ధర, రాని వారం ఇంకో ధర. 2023 జులైలో కిలో వంద దాటింది గుర్తుందా? అలాంటప్పుడు టమాటా పేరు ఎత్తకుండా చుక్కాకు, చింతపండు, మామిడికాయ. చౌకగా ఉన్నప్పుడు నాలుగైదు కిలోలు తెచ్చి, కోసి, ఉప్పు చల్లి మిద్దె మీద ఎండబెట్టుకోండి, మనకు ఎండకు కొదవ లేదు. తోటకూర, గోంగూర, మునగాకు, వీటిలో ఏది చౌకగా ఉంటే అది రోజూ ఉండాలి. సాయంత్రం పొద్దుపోయాక ఆకుకూర ధర తగ్గుతుంది, తీసుకోండి, కానీ ఆ రాత్రికే వండేయండి. పండ్లకు అరటి, జామ, సీజన్‌లో చీనీకాయలు. యాపిల్ లేకపోతే పిల్లలకు ఏదో లోటు అనే దిగులు పెట్టుకోవద్దు.

సూపర్‌మార్కెట్. చల్లగా ఉంటుంది, ఎవరూ తొందర పెట్టరు. అక్కడ నేను కొనమనేవి నూనె, సబ్బులు, ఆఫర్‌లో ఉంటే ఉప్పు, టీపొడి. ఈ రెండు నూనె పాకెట్లు చూడండి. ఎత్తు దాదాపు ఒకటే, ముందు వైపు ధరలో ఎనిమిది రూపాయలే తేడా. వెనక్కి తిప్పితే ఒకదానిలో 910 గ్రాములు, అంటే నిండు లీటరు. రెండోదానిలో 850. చౌక అనిపించింది చౌక కాదు. ఇప్పుడు పాకెట్ మీద గ్రాముకో, కిలోకో ధర ఎంతో ముద్రించాలి, యు.ఎస్.పి. అని ఎమ్మార్పీ పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె ఒక్కటి పోల్చుకుంటే చాలు. ఎక్కువ వసూలు చేశారనో, తూకం తగ్గిందనో అనుమానం వస్తే 1915కు, రేషన్ గొడవ అయితే 1967కు ఫోన్ చేయండి.

వండే తీరు క్లుప్తంగా చెప్తాను. పొద్దున మూడు రోజులు దోసె, రెండు రోజులు ఉగ్గాని, మిగతా రోజులు జావ. ఉగ్గానిలో పప్పులపొడి, చెనిక్కాయలు దండిగా పడాలి, ఉత్తి బొరుగులతో ఆకలి ఆగదు. బజ్జీ ఆదివారానికి పెట్టుకోండి, నూనె లెక్క అక్కడే తప్పుతుంది. మధ్యాహ్నం అన్నంలోకి ఆకుకూర పప్పు లేదా పులగూర, రాత్రి సంగటో జొన్నరొట్టో, దానిలోకి ఉలవచారు, ఊరుబిండి, అలసందల కూర మార్చి మార్చి. సర్కారు బడిలో డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనంలో పిల్లలకు గుడ్డు వస్తుంది కాబట్టి, ఇంట్లో కొన్న గుడ్లు పెద్దవాళ్లకు ఉంచండి. ముఖ్యంగా అమ్మకు. అందరికీ పెట్టి చివర తినే మనిషికి గిన్నెలో చారు, అడుగు అన్నమే మిగులుతున్నాయంటే నెల ప్లాన్ ఎంత బాగున్నా నేను దాన్ని ఫెయిల్ అనే అంటాను. ఆమె వంతు పప్పు, గుడ్డు వడ్డించక ముందే పక్కకు తీసి పెట్టండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉంటే గంట ఆగమనండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే పట్టేది పెరుగుతుంది.

రోజుకు లీటరు పాలతో కలిపి, గ్యాస్ కాకుండా, నలుగురికి ఆరున్నర వేల దగ్గర తేలింది. మాంసం ఇందులో లేదు. కోడికూర కావాలంటే చక్కెర, బిస్కెట్ల మీద మిగిలిన డబ్బుతో నెలకు రెండు ఆదివారాలు వస్తుంది. జీతం పడిన రోజే బ్యాళ్లు, ఉలవలు, విత్తనాలు, రాగులు నెలకు సరిపడా తెచ్చేసి, పాలకు, కూరగాయలకు వారానికి ఇంత అని నాలుగు కవర్లలో పెట్టండి. మూడో కవరు ముందే ఖాళీ అయినా డబ్బాలో గింజలు ఉంటాయి, పొయ్యి మీద పప్పు ఉంటుంది. వచ్చే వీడియోలో కొర్రలు, సజ్జలు తెస్తాను, మిల్లులో పట్టించిన ఖర్చుతో సహా. ఉంటాను.